బతుకమ్మ ప్రోగ్రాములకు ముందు సౌండ్ మాడ్యూల్ ఎడిట్ మోడ్‌ల విషయంలో జాగ్రత్తలు

ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల బతుకమ్మ దాకా హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో వాడవాడకూ స్టేజీ వెలుస్తుంది. కీబోర్డు పక్కన ర్యాకులో పాత మిడి సౌండ్ మాడ్యూల్ (కీబోర్డు మిడి తీగ ద్వారా పంపే సంకేతాలను అందుకొని ధ్వనులు పుట్టించే పెట్టె) పెట్టుకొని వాయించేవారు మనలో ఇంకా ఉన్నారు. అలాంటివారు ఎడిటింగ్ పనంతా అమావాస్యకు కనీసం వారం ముందే ఇంట్లో కూర్చొని ముగించుకోవాలి. స్టేజీ ఎక్కాక వాల్యూమ్ తప్ప మరేదీ ముట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు, మనం మారుస్తున్నది ఏ అంతస్తులో ఉందో తెలుసుకోవాలి. 1994లో వచ్చిన రోలాండ్ జేవీ-1080నే తీసుకుంటే, అందులో నాలుగు టోన్‌ల (మూల ధ్వనుల) వరకు కలిస్తే ఒక ప్యాచ్, అంటే వాయించడానికి సిద్ధమైన ఒక ధ్వని అవుతుంది, ఒక్కో ప్యాచ్‌ను మోగించే పదహారు పార్ట్‌లు కలిస్తే ఒక పెర్ఫార్మెన్స్ అవుతుంది. పెర్ఫార్మెన్స్ తనలో ధ్వనిని దాచుకోదు. ఫలానా పార్ట్‌లో ఫలానా నంబరు ప్యాచ్ ఇంత వాల్యూమ్‌తో, ఈ చానెల్ మీద మోగాలన్న చీటీని మాత్రమే దాచుకుంటుంది. కాబట్టి యూజర్ బ్యాంకులోని (మన మార్పులు దాచుకునే చోటులోని) ఒక ప్యాచ్‌ను మార్చి అదే నంబరు మీద రైట్ చేస్తే, అంటే మెమరీలో దాస్తే, ఆ నంబరును వాడుకునే పెర్ఫార్మెన్స్‌లన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. ఒక ఏడు పెళ్లి ప్రోగ్రాములో షెహనాయి మరీ గీరగా ఉందని ఫిల్టర్ కటాఫ్ తగ్గించి (ధ్వనిలోని పదును కోసి), అదే నంబరు మీద రైట్ కొట్టాను. పెళ్లి బాగానే గడిచింది. తర్వాతి వారం బతుకమ్మ స్టేజీ మీద మరో మూడు పాటల్లో ఆ షెహనాయి గొంతుకు గుడ్డ కట్టినట్టు మోగింది. తప్పు యంత్రానిది కాదు, నాదే. అప్పటి నుంచి మార్చిన ప్యాచ్‌ను పేరు చివర ఒక అక్షరం చేర్చి, ఖాళీ నంబరులోనే రైట్ చేస్తున్నాను.

ప్యాచ్ మోడ్‌లో నిండుగా వినిపించిన ధ్వని పెర్ఫార్మెన్స్‌లోకి రాగానే బోసిపోతే కంగారుపడవద్దు. పదహారు పార్ట్‌లకూ ఉన్న ప్రత్యేక ఎఫెక్ట్ (ధ్వనికి మెరుగులు దిద్దేది) ఒక్కటే కావడంతో, అది ఏ పార్ట్ ప్యాచ్ నుంచి రావాలో, లేక పెర్ఫార్మెన్స్ సొంత సెట్టింగ్ నుంచి రావాలో మనమే ఎంచుకోవాలి. ఇది తెలియక ప్యాచ్‌నే మళ్లీ మళ్లీ మార్చి పాడు చేసుకున్నవారిని చూశాను. అలాగే నాలుగు టోన్‌ల ప్యాచ్‌లో ఒక్కో స్వరం నాలుగు వాయిస్‌లను (యంత్రం ఒకేసారి మోగించగల ధ్వనుల లెక్క) తినేస్తుంది. మొత్తం అరవై నాలుగే కనుక పదహారు స్వరాలు దాటితే పాతవి తెగిపోతాయి.

మార్పులు రైట్ చేసేంతవరకు తాత్కాలిక మెమరీలోనే ఉంటాయి. కరెంటు పోయి జనరేటర్‌కు మారే ఆ రెండు క్షణాలు చాలు, సాయంత్రమంతా చేసిన పని పోవడానికి. చిన్న యూపీఎస్ ఉంటే ఈ బాధ ఉండదు. ఇంకో మోసం కూడా ఉంది: సీక్వెన్సర్‌లోని (రికార్డు చేసిన మిడి పాటను వాయించే యంత్రంలోని) పాట మొదట్లో ప్రోగ్రామ్ చేంజ్, అంటే ఫలానా నంబరు ప్యాచ్‌కు మారమనే ఆదేశం ఉంటే, ప్లే నొక్కగానే అది ప్యాచ్‌ను మళ్లీ పిలుస్తుంది, మనం రైట్ చేయని మార్పు అక్కడితో పోతుంది. ఒక యంత్రం ప్రోగ్రామ్ నంబర్లను 0 నుంచి, మరొకటి 1 నుంచి లెక్కపెడతాయి కనుక, పక్క ధ్వని మోగుతుంటే ముందు ఈ ఒక్క అంకె తేడానే చూడాలి.

ఎడిటింగ్ అయ్యాక బల్క్ డంప్‌తో (మెమరీలోనిదంతా మిడి తీగ ద్వారా ఒకేసారి పంపే పద్ధతితో) మెమరీ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోండి. మిడి వేగం సెకనుకు 31,250 బిట్‌లే కనుక కొంత సమయం పడుతుంది. మధ్యలో ఏ మీటా నొక్కవద్దు. తీసిన ఫైలును మాడ్యూల్‌కు తిరిగి పంపి చూస్తేనే అది పనికొస్తుందో లేదో తెలుస్తుంది. డివైస్ ఐడీ (ఫైలు ఏ యంత్రానికో చెప్పే నంబరు) కలవకపోతే మాడ్యూల్ ఏ ఎర్రర్ చూపకుండా ఊరికే ఉండిపోతుంది. రోలాండ్‌లో అది సాధారణంగా 17 ఉంటుంది. మెమరీని నిలబెట్టే లోపలి నాణెం బ్యాటరీ తగ్గిందన్న సందేశం కనిపిస్తే డంప్ తీయకముందు దాన్ని మార్చవద్దు, ఫ్యాక్టరీ రీసెట్ జోలికి అసలే వెళ్లవద్దు. చివరగా, దాచినవి పొరపాటున మారకుండా ఆపే రైట్ ప్రొటెక్ట్‌ను ఆన్ చేసి, ఏ పాటకు ఏ పెర్ఫార్మెన్స్ నంబరో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ర్యాకు మూత లోపలి వైపు అంటించండి.