సీఓపీడీ ఉన్నవాళ్ల ఇంట్లో ఈ చలికాలం ఆక్సిజన్ మిషన్ సొంతంగా పెంచకండి

నేను పనిచేసే ఛాతీ వార్డుకి మొన్న ఒక పెద్దాయనను స్పృహ లేకుండా తెచ్చారు. ఏళ్ల తరబడి చుట్టలు కాల్చి సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, తెచ్చుకున్న మనిషి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది, డాక్టర్ రాసింది నిమిషానికి లీటరున్నర. రాత్రి ఆయాసం పెరిగిందని కొడుకు అయిదు లీటర్లకు తిప్పాడు. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్‌లో 98 కనపడింది, నాన్న కూడా చాన్నాళ్లకు కంటినిండా నిద్రపోతున్నాడని అందరూ స్థిమితపడ్డారు. తెల్లారి ఎంత లేపినా లేవలేదు.

అది నిద్ర కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని వచ్చిన మత్తు.

పొగ తాగొద్దు, మంచులో తిరగొద్దు అని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి చలికాలం నేను చూసే తప్పు ఇదే: ఆయాసం రాగానే ఆక్సిజన్ పెంచేయడం. కోవిడ్ అప్పుడు 94 కంటే తగ్గితే ప్రమాదమని విన్నాం, అది మనసులో పాతుకుపోయింది. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ నిలవుండే సీఓపీడీ వాళ్లకు మామూలుగా 88 నుంచి 92 మధ్య చాలు. అంతకుమించి ఆక్సిజన్ ఇస్తే, గాలి సరిగా ఆడని పాడైన భాగాలకూ రక్తం మళ్లుతుంది, ఊపిరి వేగమూ కొంత తగ్గుతుంది, చెడుగాలి లోపలే ఉండిపోతుంది. ఆక్సీమీటర్‌కి అది కనపడదు, 98 చూపిస్తూనే ఉంటుంది. మీ మనిషికి ఎంత ఉండాలో, ఎన్ని లీటర్లు పెట్టాలో డాక్టర్‌తో రాయించుకుని ఆ కాగితం మిషన్‌కే అంటించండి.

పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత, పొంతన లేని మాటలు, చేతులు అదరడం కనపడితే 108కి ఫోన్ చేయండి. పెంచి ఉంటే డాక్టర్ రాసిన చోటికి తగ్గించండి, భయపడి మొత్తం తీసేయకండి, అదీ ప్రమాదమే.

కాళ్ల వాపు కొత్తగా వస్తే కూర్చుని కూర్చుని వచ్చిందనుకోవద్దు, గుండె కుడివైపు భారం పడుతోందేమో చూపించాలి. ఛాతీలో ఒకపక్క ఉన్నట్టుండి పోటు వచ్చి ఊపిరాడకపోతే ఊపిరితిత్తికి చిల్లు పడి ఉండొచ్చు, క్షణం ఆగొద్దు. కఫం పెరిగి పచ్చబడితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. నిద్ర మాత్రలు సొంతంగా ఇవ్వొద్దు, మత్తు కలిగించే దగ్గు సిరప్ కూడా వద్దు, అవి ఊపిరినే అణిచేస్తాయి. తగ్గింది కదా అని ఇన్‌హేలర్ ఆపొద్దు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు మింగొద్దు. ఫ్లూ టీకా ఏటా వేయించండి, న్యుమోనియా టీకా గురించి డాక్టర్‌ను అడగండి. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరబత్తి, బీడీ ఏదీ వెలగకూడదు. భోగి మంట దగ్గరికి తీసుకెళ్లొద్దు, ఆ పొద్దున కిటికీలు మూసేయండి. కరెంటు పోతే వాడడానికి సిలిండర్ ఉంచుకోండి. కట్టెల పొయ్యి మీద వండిన అమ్మకు ఆయాసం ఉంటే వయసని వదిలేయకండి, స్పైరోమెట్రీ, అంటే ఊది చూసే ఊపిరితిత్తుల పరీక్ష, చేయించండి. మళ్లీ చెబుతున్నా, ఆక్సిజన్ పెంచొద్దు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే సీఓపీడీ ఉందని, ఎన్ని లీటర్లు పెట్టారో చెప్పండి. పెంచి ఉంటే దాచకండి, రాత్రి ఎన్నింటి నుంచి పెంచారో కూడా చెప్పండి.