రోడ్డుపై సైకిల్ – 4వ పాఠం: తిన్నగా పోతూ వెనక్కి చూడటం

కిందటి పాఠంలో రెండు బ్రేకులూ కలిపి నొక్కి, చక్రం జారకుండా ఆగడం నేర్పించాం. మీ బృందంలో ఒకరిద్దరు ఇంకా ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టేస్తుంటే ఈ పాఠం మొదలుపెట్టకండి. ముందు ఆ పని పూర్తి చేయండి.

రోడ్డెక్కబోయే పిల్లలకు ఈసారి నేర్పే దానికంటే ముఖ్యమైనది నా దృష్టిలో మరొకటి లేదు. ఆగి ఉన్న కారును దాటాలన్నా, గుంతను తప్పించాలన్నా, మలుపు తిరగాలన్నా వెనక ఏం వస్తోందో ముందే తెలియాలి. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఎక్కువగా చెవుల మీదే ఆధారపడతారు. హారన్ వినపడలేదు కాబట్టి వెనక ఎవరూ లేరనుకుంటారు. కానీ మరో సైకిలో, నెమ్మదిగా వచ్చే విద్యుత్ వాహనమో దాదాపు చప్పుడు లేకుండానే దగ్గరికి వచ్చేస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే, తల ఎటు తిప్పితే సైకిల్ అటే లాగుతుంది. తలతో పాటు భుజం తిరుగుతుంది, భుజంతో చెయ్యి వెనక్కి వస్తుంది, చేతితో హ్యాండిల్ తిరుగుతుంది. వాహనం ఉందేమో చూడబోయి దాని దారిలోకే వెళ్లిపోతారు.

అందుకే మొదట ఖాళీ మైదానంలో, సైకిల్‌ను నిలిపి ఉంచి మొదలుపెట్టండి. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకూడదు. మోచేతులు కాస్త వంగి ఉండాలి. గడ్డం భుజం మీదికి వచ్చేలా తల తిప్పాలి. వాహనాలు ఎడమవైపు నడిచే చోట కుడి భుజం మీదుగా, కుడివైపు నడిచే చోట ఎడమ భుజం మీదుగా చూడటం ముందు రావాలి. రెండో వైపు తర్వాత నేర్పవచ్చు.

ఇప్పుడు సుద్దతో ఇరవై మీటర్ల గీత గీయండి. మీరు గీత మొదట్లో నిలబడండి. పిల్లలు ఒక్కొక్కరే గీత వెంట సాగుతూ మిమ్మల్ని దాటగానే పేరు పెట్టి పిలిచి, కొన్ని వేళ్లు చూపండి. వెనక్కి చూసి ఎన్నో చెప్పాలి. ఈ వేళ్ల లెక్క తప్పనిసరి. చాలామంది పిల్లలు తల తిప్పుతారే గానీ ఏమీ చూడరు. చక్రం గీత నుంచి జానెడు దాటి పక్కకు పోతే, తిప్పే వైపు చేతిని హ్యాండిల్ మీద నుంచి తీసి తొడ మీద పెట్టుకుని చూడమనండి. లాగే చెయ్యి లేకపోవడంతో చాలామందికి అక్కడే కుదురుతుంది.

చూపు క్షణమాత్రమే. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ ఒక్క సెకనులో నాలుగు మీటర్లు దాటుతుంది. కాబట్టి ముందు దారి ఖాళీగా ఉందని చూసుకున్నాకే వెనక్కి చూడాలి.

చివరగా గీత మీద ఒక అట్టపెట్టె పెట్టి, దాన్ని ఆగి ఉన్న కారు అనుకోమనండి. చాలా ముందుగానే వెనక్కి చూడాలి, చేతితో సంకేతం ఇవ్వాలి, మళ్లీ చూడాలి, ఆ తర్వాతే పక్కకు జరగాలి. కారు తలుపు హఠాత్తుగా తెరుచుకున్నా తగలకుండా కనీసం మీటరు ఎడం వదలాలి. మధ్యలో మీరు "వాహనం!" అని అరవండి. చెయ్యి చాపేశాను కదా అని జరిగిపోతే ఆపి మళ్లీ మొదటి నుంచి చేయించండి. వెనక వాహనం ఉంటే బ్రేకు వేసి, అది వెళ్లేదాకా ఆగాల్సిందే.

వరుసగా ఐదుసార్లు గీత తప్పకుండా, వేళ్లు సరిగ్గా చెప్పినవాళ్లే కూడలి గురించిన 5వ పాఠానికి రావాలి. మిగిలినవాళ్లతో మైదానంలోనే సాధన కొనసాగించండి.