సునామీ హెచ్చరిక వింటే జనం కదలాలంటే: గోదావరి డెల్టా తీర గ్రామాలకు

"మాటిమాటికీ సునామీ అంటారు, వచ్చిందెప్పుడు?" తీరంలో ఈ మాట వినని పంచాయతీ కార్యదర్శి ఉండరు. నిజానికి మన ఒడ్డుకు సునామీ హెచ్చరికలు మాటిమాటికీ రావు. 2004 తర్వాత జనాన్ని కంగారు పెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాటిమాటికీ వచ్చేవి వేరే: పిడుగుల మెసేజీలు, వాయుగుండం కబుర్లు, రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక, ఎత్తయిన అలల హెచ్చరిక, వేటకు వెళ్లొద్దన్న ప్రకటన. 2023లో టెలికాం శాఖ ప్రయోగంగా పంపిన సందేశాలకు ఫోన్లన్నీ ఒక్కసారిగా గీపెట్టాయి. ఇవన్నీ ఒకే ఫోన్లో, ఒకే మైకులో, ఒకే గొంతుతో వస్తాయి. ఏది దేనికో తేడా తెలియనప్పుడు జనం అన్నిటినీ ఒకే గాటన కట్టి పక్కన పెడతారు. కాబట్టి హెచ్చరికలు తగ్గించడం కన్నా, సునామీ హెచ్చరికను మిగతావాటి నుంచి విడదీయడం ముందు చేయాల్సిన పని.

ఈ సందర్భంలో అందరూ "నాన్నా పులి" కథ చెబుతారు. అది ఇక్కడ సరిగ్గా అతకదు. ఆ కుర్రాడు అబద్ధమాడాడు. ఇక్కడ భూకంపం నిజం, ముప్పు నిజం, అల మాత్రం చిన్నది కావచ్చు. ఆ తేడాను ఎవరూ వచ్చి చెప్పకపోతేనే అది అబద్ధంలా మిగులుతుంది.

నమ్మకం ఎక్కడ చెడుతుంది

2010లో చిలీ భూకంపం తర్వాత జపాన్ వాతావరణ సంస్థ ఈశాన్య తీరానికి 3 మీటర్ల అల వస్తుందని హెచ్చరించింది. వచ్చింది 1.2 మీటర్లు. అంచనా ఎక్కువైందని సంస్థ క్షమాపణ కూడా చెప్పింది. ఏడాది తిరిగాక, 2011 మార్చి 11న, అదే తీరంలో ఇవాతె ప్రాంతానికి మొదట చెప్పిన అంకె మళ్లీ 3 మీటర్లే. అలలను ఆపే పెద్ద గోడలున్న ఊళ్లలో కొందరు ఆ అంకె విని ఆగిపోయారు. అల దానికి ఎన్నో రెట్లు వచ్చింది. ఆ తర్వాత 2013 నుంచి, మరీ పెద్ద భూకంపమైతే తొలి హెచ్చరికలో అంకె ఇవ్వడం మానేసి, "భారీ" అనే మాటతో సరిపెడుతున్నారు. కచ్చితంగా తెలియని అంకెను చెప్పడం కూడా హెచ్చరికను చెడగొడుతుందన్నమాట.

హవాయిలోని హైలోలో 1960 మే 22 రాత్రి సైరన్లు గంటల ముందే మోగాయి. అయినా 61 మంది పోయారు. సైరన్ వింటే ఏం చేయాలో చాలామందికి తెలియదు. మరేదైనా కబురు వస్తుందేమోనని ఆగారు. మొదటి అలలు చిన్నవిగా రావడంతో కొందరు వెనక్కి కూడా వచ్చేశారు. వాళ్లు విసుగుతో పోయారనడం కన్నా, చేయాల్సిన పని తెలియక పోయారనడం సబబు.

మన దగ్గర 2013 నవంబరులో లెహర్ తుపాను. అతి తీవ్రమైనదని చెప్పి జనాన్ని ఖాళీ చేయించారు. తీరా 28న మచిలీపట్నం దగ్గర అది వాయుగుండంగా నీరుగారిపోయి ఒడ్డెక్కింది. ఆ తుపాను సముద్రంలోనే ఎందుకు చచ్చుబడిందో మర్నాడు ఊళ్లో చెప్పిన చోట "ఈసారి తప్పించుకున్నాం" అంటారు, చెప్పని చోట "ఊరికే తిప్పారు" అనుకుంటారు. తర్వాతి తుపానుకు ఈ రెండు మాటలకూ మధ్య తేడా కనిపిస్తుంది.

దీనికి పూర్తి విరుద్ధంగా ధవళేశ్వరం ఉంది. అక్కడి గోదావరి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలైతే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది. దాదాపు ఏటా వచ్చే ఈ హెచ్చరికలకు లంక గ్రామాల వాళ్లు విసిగిపోయారని ఎవరూ అనరు. ఎన్ని అడుగులకు కనకాయలంక కాజ్‌వే మునుగుతుందో, ఎప్పుడు పశువుల్ని గట్టెక్కించాలో వాళ్లకు తెలుసు. అంకెకు ఒక పని అంటుకుని ఉంటుంది, నీళ్లు వచ్చాయా లేదా కళ్లతో చూస్తారు, హెచ్చరిక ఎత్తేసినప్పుడూ అంకె చెప్పే ఎత్తేస్తారు. సునామీ హెచ్చరికకు ఈ మూడూ మనమే కల్పించాలి.

బులెటిన్‌ను ఎలా చదవాలి

మన హెచ్చరిక కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉంది, 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల్లో మొదటి బులెటిన్ ఇవ్వడం దాని లక్ష్యం. అందులో భూకంపం సమయం, చోటు, తీవ్రత ఉంటాయి. తర్వాతి బులెటిన్లలో ఒక్కో తీరానికి స్థాయి, అల చేరే సమయం వస్తాయి. అల 2 మీటర్లు దాటుతుందంటే వార్నింగ్: లోతట్టు వదిలి వెళ్లాలి. అర మీటరు నుంచి 2 మీటర్లైతే అలర్ట్: ఒడ్డు, మొగలు (నది సముద్రంలో కలిసే చోట్లు), పల్లపు చోట్లు వదలాలి, ఊరు ఖాళీ చేయక్కర్లేదు. అంతకన్నా తక్కువైతే వాచ్: తర్వాతి కబురు కోసం సిద్ధంగా ఉండాలి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. అల గంటలోపు చేరే తీరాలకు, అంటే అండమాన్ నికోబార్ లాంటి చోట్లకు, భూకంపం వివరాలను బట్టే వార్నింగ్ ఇచ్చేస్తారు. దూరంగా ఉన్న తీరాలకు ముందు చిన్న స్థాయి ఇస్తారు. సముద్రంలో తేలుతూ అలను కొలిచే బాయ్‌లు, రేవుల్లోని నీటిమట్టం యంత్రాలు అల నిజంగా పుట్టిందని చూపాకే పెంచుతారు. అనవసరంగా ఊళ్లు ఖాళీ చేయించకూడదనే ఈ ఏర్పాటు. సుమత్రా వైపు నుంచి వచ్చే అల మన తీరానికి చేరడానికి రెండున్నర గంటల దాకా పడుతుంది కాబట్టి మనం రెండో రకంలోకి వస్తాం. అందుకే మొదట "అలర్ట్" విని "ఏం కాదులే" అని ఊరుకోవడం ప్రమాదం: గంట తర్వాత అదే వార్నింగ్ కావచ్చు.

2004 డిసెంబరు 26న భూకంపం ఉదయం 6.29కి వచ్చింది, అల సుమారు 9 గంటలకు మన ఒడ్డుకు చేరింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు. ఆ రోజు ఆదివారం, మార్గశిర పౌర్ణమి, ఆకాశంలో మబ్బు లేదు. ఉప్పెన అంటే గాలీ వానా కలిసి వస్తాయని మనకు అలవాటు. అది లేకపోతే హెచ్చరికను నమ్మబుద్ధి కాదు. "ఎండ కాస్తుంది, గాలి ఉండదు, అయినా వస్తుంది" అని ప్రతి సమావేశంలోనూ చెప్పాలి.

మైకులో ఏం చెప్పాలి

"గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా" అని మొదలుపెడితే అసలు సంగతి వచ్చేసరికి సగం మంది చెవులు పక్కకు తిరుగుతాయి. మొదటి మాటే స్థాయి కావాలి. తర్వాత ఎవరు చెప్పారు, ఏం చేయాలి, ఎన్నింటికి, మళ్లీ ఎప్పుడు చెబుతాం. ఈ వరుస మార్చకూడదు. సమయాలు నింపుకునేలా ముందే కాగితం మీద రాసి, మైకు పెట్టెలో ఉంచండి:

"సునామీ అలర్ట్. హైదరాబాద్ కేంద్రం రెండో బులెటిన్. ఒడ్డున, మొగలో, మడ అడవుల్లో ఉన్నవాళ్లు ఇప్పుడే ఊళ్లోకి రండి. అల వస్తే పదకొండుంబావు తర్వాత రావచ్చు. ఇళ్లు ఖాళీ చేయక్కర్లేదు. మంచం మీదున్న పెద్దవాళ్లుంటే పంచాయతీ సిబ్బందికి చెప్పండి. మళ్లీ పదింటికి మైకులో చెబుతాం. కొత్త కబురు లేకపోయినా చెబుతాం."

ఆఖరి వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది, తీయొద్దు. చెప్పిన సమయానికి మైకు మోగకపోతే జనం వాట్సాప్ వైపు వెళ్తారు. అక్కడ ఏముంటుందో తెలిసిందే. ముందు తేదీ చెప్పి సునామీ వస్తుందనే సందేశం ఏదైనా అబద్ధమే. భూకంపాన్ని ముందుగా తేదీతో చెప్పగలిగిన వాళ్లు ఎక్కడా లేరు. భూకంపం సమయం, బులెటిన్ నంబరు లేని సందేశాన్ని గ్రూపులో పెట్టకూడదని అడ్మిన్లతో ముందే మాట తీసుకోండి. అనుమానమొస్తే 112కు గానీ 1070కి గానీ ఫోన్ చేయండి.

సునామీకి వేరే శబ్దం పెట్టండి. తుపానుకూ, పన్నుల ప్రకటనకూ వాడే మైకు పాట వద్దు. గుడి గంట, మసీదు మైకు, చర్చి గంట అన్నీ ఒకే తీరున, ఉదాహరణకు నిమిషం మోగి అర నిమిషం ఆగేలా, పెద్దలతో కూర్చుని నిర్ణయించుకోండి. ఆ తీరును మరే పనికీ వాడకూడదు, పరీక్షకు కూడా ముందే చాటింపు వేయకుండా వాడకూడదు.

ఎందుకు కదలరు

విన్నా కదలనివాళ్లలో ఎక్కువమందికి కారణం బద్ధకం కాదు, ఖర్చు. రొయ్యల చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగితే కొన్ని గంటల్లో పంట తేలిపోతుంది. అందుకే కాపలా మనిషి గట్టు మీద షెడ్డు వదలడు. అతన్ని తిట్టి లాభం లేదు. జనరేటర్ ట్యాంకు నింపి నడుస్తుండగా వదిలి, దగ్గరలో ఏ డాబా పై అంతస్తుకు ఎక్కాలో రైతు ముందే చూపించాలి, ఆ ఇంటివాళ్ల ఒప్పుదల కూడా ముందే తీసుకోవాలి.

పడవలది ఇంకో తరహా చిక్కు. వార్నింగ్ వింటే బోటు కాపాడుకుందామని ఒడ్డుకు పరుగెత్తేవాళ్లే ఎక్కువ. నియమం రెండు ముక్కల్లో చెప్పండి: సముద్రంలో వేటలో ఉన్నవాళ్లు యాభై బారల (సుమారు 90 మీటర్ల) లోతు దాటి అక్కడే ఉండాలి, కబురు వచ్చేదాకా మొగ దాటి లోపలికి రాకూడదు. ఒడ్డున ఉన్న పడవ ఒడ్డునే ఉంటుంది, మనిషి ఊళ్లోకి వస్తాడు. అల నదీ పాయల్లోకి కూడా ఎక్కుతుంది. కాబట్టి అల చేరే సమయానికి అరగంట ముందు పంట్లు, దాటు పడవలు ఆపేయాలి. పాయకు అవతల ఉన్న పేటలను ఇవతలికి తెచ్చే ఆలోచన కన్నా, అక్కడే గట్టి మేడనో తుపాను షెల్టర్‌నో చూపించడం మేలు.

డెల్టాలో గుట్టలు లేవు, కాబట్టి "ఎత్తయిన చోటికి వెళ్లండి" అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఇంటింటికీ ఒక మేడ పేరు ఉండాలి. దారిని ఒకసారి నడిచి చూడండి, ఒంటరిగా కాదు, నడవలేని ఒక పెద్దావిడను కుర్చీలో మోసుకుంటూ. ఇసుకలో పట్టే సమయం తారు రోడ్డు లెక్కకు అందదు. కాలువ వంతెన దాటే దారి ఉంటే, దాటనక్కర్లేని దారి ఇంకోటి వెతకండి. అందరూ వంతెన దగ్గరే ఇరుక్కుంటారు. అంతర్వేది తీర్థం లాంటి రోజుల్లో ఒడ్డున ఉండేవాళ్లకు ఊరి మేడలేవో తెలియవు, వాళ్లకు దారి చూపే మనుషుల్ని విడిగా పెట్టాలి.

ఏమీ రాకపోతే చేయాల్సిన పని

చాలా ఊళ్లలో హెచ్చరిక ఎత్తేశాక మైకు సర్దేస్తారు. నమ్మకం నిలిచేదీ చెడేదీ ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే.

ముందుగా, ఎత్తివేతను కేంద్రం చెప్పేదాకా ఊరు చెప్పకూడదు. మొదటి అల పెద్దది కానక్కర్లేదు. అలలు పదుల నిమిషాల ఎడంతో గంటల తరబడి వస్తాయి. నీళ్లు వెనక్కి తీసినప్పుడు చేపలు ఏరుకోవడానికి దిగేవాళ్లను ఆపడానికి ఇద్దరు మనుషులు ఒడ్డుకు వెళ్లే దారిలో ఉండాలి. ఒడ్డు మీద కాదు, దారిలో.

మర్నాడు సాయంత్రం రేవులో లేదా రచ్చబండ దగ్గర మూడు సంగతులు చెప్పండి: భూకంపం నిజంగా వచ్చిందా, దగ్గరి రేవులో నీళ్లు ఎన్ని సెంటీమీటర్లు పెరిగాయి, ఎందుకు అంతే పెరిగాయి. 2012 ఏప్రిల్ 11 దీనికి మంచి ఉదాహరణ. సుమత్రా దగ్గర 8.6 తీవ్రత, మధ్యాహ్నం 2.08కి. హిందూ మహాసముద్రం చుట్టూ హెచ్చరికలు వెళ్లాయి. సముద్రపు నేల పైకి లేవకుండా పక్కకు జరగడంతో పెద్ద అల పుట్టలేదు. 2004లో నేల లేచింది. తీవ్రత చూసిన వెంటనే ఈ తేడా తెలియదు, నీటిమట్టం చూశాకే తెలుస్తుంది, అందుకే ఆ రెండు మూడు గంటలు ఆగాల్సి వచ్చింది. ఇంత చెబితే వేటకు వెళ్లేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, నీటి సంగతి వాళ్లకు మనం నేర్పాల్సింది కాదు. "జాగ్రత్త కోసం చెప్పాం" అని మాత్రం అనొద్దు. అది ఏ ప్రశ్నకూ సమాధానం కాదు.

తప్పు మన వైపు జరిగితే, అంటే వాచ్‌ను వార్నింగ్ అని చాటితే, అదే సభలో ఒప్పుకోండి.

గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, బులెటిన్ ఊరికి చేరిన సమయం, స్థాయి, మొదటి మైకు ఎన్నింటికి, చివరి ఇంటికి కబురు ఎన్నింటికి, ఎంతమంది కదిలారు, ఎవరు కదల్లేదు, ఎందుకు, ఎత్తివేత ఎన్నింటికి. "ఎందుకు" గడిలో "నిర్లక్ష్యం" అని రాయకూడదు. ఆవు ఈనింది, కరెంటు పోయి మైకు వినపడలేదు, తాళం లేదు లాంటి అసలు కారణం రాయాలి. అక్కడ రెండుసార్లు కనిపించిన కారణం మీదే వచ్చే డ్రిల్ పెట్టండి. ఏటా నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం కాబట్టి ఆ వారం డ్రిల్‌కు కుదురుతుంది, తుపాన్ల కాలం కూడా అదే కనుక షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో, పైకప్పు మెట్లు తెరిచి ఉన్నాయో లేదో, ట్యాంకులో నీళ్లున్నాయో లేదో ఆ రోజే తేలిపోతుంది.