ఫౌండ్రీ కోడ్ నమోదుకు ముందు జాగ్రత్తలు

విజయనగరంలో కూర్చుని ఫాంటు గీసినా, అది ఎవరిదో తెలిపే గుర్తు అయిన ఫౌండ్రీ కోడ్ నమోదు మైక్రోసాఫ్ట్ దగ్గరే. ఆ కోడ్‌కు ఉన్నవి నాలుగే గళ్లు. తెలుగు లిపి పనికిరాదు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెల వంటివే వాడాలి.

మన రైల్వే స్టేషన్ కోడ్ ‘వీజెడ్‌ఎం’ మీద మనసు పడిందా? అది మూడక్షరాలే కాబట్టి చివరి గడిలో స్పేసు ఉంచాలి. ముందుగా నమోదైన కోడ్‌ల జాబితా చూడండి. ఇంకొకరు తీసుకుని ఉంటే ఆశ వదులుకోవలసిందే. రెండో పేరు సిద్ధంగా పెట్టుకోండి.

ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంటు తయారీ సాఫ్ట్‌వేర్ వాడేవారు మరీ జాగ్రత్త. మీరు మార్చకపోతే అది తన కోడ్ ‘పీఎఫ్‌ఈడీ’నే పెట్టేస్తుంది. ఫాంటు ఫైలు లోపలి ఓఎస్/2 అనే పట్టికలో వెండర్ ఐడీ (అంటే ఫౌండ్రీ కోడ్) గడి తెరిచి చూడండి. ఒకసారి నేను చూడకుండానే ఫాంటు పంపాను. గంటస్తంభం దగ్గరి ప్రెస్సు కుర్రాడు చెబితే గానీ తెలియలేదు!

తరువాత కోడ్ మార్చినా, జనం ఇప్పటికే దించుకున్న ఫాంట్లలో పాతదే ఉండిపోతుంది.