సాల్ట్ రియాక్టర్ ట్యూబుల్ని తుప్పు నుంచి కాపాడాలంటే షట్‌డౌన్‌లో ఏం చేయాలి

తమ్ముళ్ళూ, నేను చౌటుప్పల్ దిక్కు మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ణి. థాలిక్ అన్‌హైడ్రైడ్ లాంటి రసాయనాలు తయారయ్యే రియాక్టర్‌లో వేల ట్యూబులుంటాయి. లోపల క్యాటలిస్టు (రసాయన చర్యను వేగం చేసేది), బయట ఆ వేడిని లాక్కునే కరిగిన ఉప్పు. అందులో 53 పాళ్ళు పొటాషియం నైట్రేట్, 40 సోడియం నైట్రైట్, 7 సోడియం నైట్రేట్. 142 డిగ్రీలకు కరుగుతుంది.

ఉప్పు శుభ్రంగా ఉండి, వేడి 450 డిగ్రీలు దాటకపోతే కార్బన్ స్టీలుకు పెద్ద ముప్పు లేదు. ట్యూబు మీద నల్లటి పొర గట్టిగా అంటుకుని ఉంటే గీకకండి, స్టీలును కాపాడేది అదే. ఎర్రగా పొట్టు లేస్తుంటే మాత్రం ఆగి చూడాలి. ఉప్పు ట్యాంకు పైన నైట్రోజన్ ఎప్పుడూ ఉండాలి. గాలి తగిలితే నైట్రైట్ నైట్రేట్‌గా మారి, ఉప్పు కరిగే వేడి పెరుగుతూ పోతుంది.

అసలు నష్టం షట్‌డౌన్‌లో ఉప్పు దించేసి, ట్యూబులకు అంటిన ఉప్పును కడిగేటప్పుడే. ఒక ఏడాది డీఎం నీళ్ళు (లవణాలన్నీ తీసేసిన నీళ్ళు) చాలక బోరు నీళ్ళతో కడిగాం. మా నల్గొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, క్లోరైడ్‌ను ఎవరూ పట్టించుకోరు. మరుసటి షట్‌డౌన్‌లో చూస్తే, బ్యాఫిల్ ప్లేటు (ట్యూబుల్ని పట్టి ఉంచే అడ్డ పలక) రంధ్రాల దగ్గర, తడి నిలిచిన చోటల్లా, ట్యూబు మీద కంది గింజంత గుంటలు. వేలితో తడిమితే గోరు దిగింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకే కడిగే ముందు ఆ నీళ్ళు గ్లాసులో పట్టి, రెండు చుక్కల నైట్రిక్ ఆసిడ్, తర్వాత సిల్వర్ నైట్రేట్ వేయండి. తెల్లగా పాలలా విరిగితే క్లోరైడ్ ఉన్నట్టే, ఆ నీళ్ళు వాడొద్దు. బయటికొచ్చే నీళ్ళ కండక్టివిటీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) లోపలికి పోయే నీళ్ళతో సమానమయ్యేదాకా కడగండి. ఉప్పు మిగిలి ఉండగా వేడి గాలి పెట్టొద్దు. వేడి నైట్రేట్ నీళ్ళకు వెల్డింగ్ పక్కన కార్బన్ స్టీలు పగులుతుంది. ఒలికిన ఉప్పును నూనె గుడ్డతో తుడవకండి, మంటలు లేస్తాయి.

ట్యూబు గోడ మందం చూడాలంటే క్యాటలిస్టు తీశాక లోపలికి రిమోట్ ఫీల్డ్ ఎడ్డీ కరెంట్ ప్రోబు (కరెంటు తీగచుట్టతో గోడ అరుగుదల పసిగట్టే పరికరం) పంపించండి. మామూలు ఎడ్డీ కరెంట్ కార్బన్ స్టీలుకు సరిగ్గా పనిచేయదు. అనుమానమున్న ట్యూబును రెండు చివర్లా మూసేసి ప్లగ్ చేయండి.

ఉప్పు పోసే ముందు కింది డ్రెయిన్ విప్పి చూడండి. తడి కనిపిస్తే ఆగండి. కాగిన ఉప్పు నీటి చుక్క మీద పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై, ఉప్పు ఎగజిమ్ముతుంది.