చెట్టెక్కే ముందు తీగ ఎటు పోతోందో చూడండి

చెట్లు కొట్టే పనిలో ఇన్నేళ్లున్నా, రంపం ముట్టుకునే ముందు ఖాళీ చేతులతో చెట్టు చుట్టూ ఒక పది నిమిషాలు తిరుగుతాను. ఒకవైపు నుంచి చూస్తే కరెంటు తీగ ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటుంది. నాలుగడుగులు పక్కకు జరిగి చూస్తే అదే తీగ కొమ్మల్లోంచి పోతూ కనిపిస్తుంది. ఇంటికి వెళ్లే సర్వీసు వైరైతే గుబురులో అసలు కనపడదు. స్తంభం దగ్గర మొదలుపెట్టి, అది ఇంటి గోడను చేరేదాకా చూపు తిప్పకుండా వెంబడించాలి. ఎక్కడైనా కొమ్మ కొన నల్లబడి, ఆకులు మాడినట్టుంటే ఆ కొమ్మ గాలికి తీగను తాకుతోందేమో అనుమానించండి. ఆ చెట్టు మీద చెయ్యి వేయొద్దు. వెనక్కి వచ్చి విద్యుత్ సంస్థకు ఫోన్ చేయండి.

50 కేవీ (50 వేల వోల్టులు) లోపు లైనుకు కనీసం 10 అడుగులు, అంటే 3 మీటర్లు దూరం ఉండాలి. పెద్ద టవర్ల లైన్లకు ఇంకా ఎక్కువ కావాలి. మీ విద్యుత్ సంస్థ ఇంతకన్నా ఎక్కువ చెబితే అదే పాటించండి. టేపుతోనో కర్రతోనో పైకి కొలవకండి. తీగకు సరిగ్గా కింద నేల మీద గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి నేల మీదే కొలవండి. ఆ దూరం మీ ఒంటికి ఒక్కదానికే సరిపోతే చాలదు. చాచిన చెయ్యి, దోటి, నిచ్చెన, వేలాడే తాడు, పడే కొమ్మ, ఏదీ ఆ 10 అడుగుల్లోకి రాకూడదు. తీగ కూడా ఉన్నచోట ఉండదు. ఎండకూ, ఎక్కువ కరెంటు పారినప్పుడూ వేడెక్కి కిందికి సాగుతుంది, గాలికి ఊగుతుంది.

పని నేర్చుకునే రోజుల్లో ఒక పొడవాటి అడ్డకొమ్మ చివర కోశాను. తీగ దానికి పైన ఉంది. ముక్క కిందికే పడుతుంది కదా అనుకున్నాను. కిందికే పడింది కూడా. కానీ బరువు దిగిపోయిన మిగతా కొమ్మ ఒక్కసారిగా పైకి లేచి, తీగకు జానెడు దూరంలో ఊగుతూ ఆగింది. నా ఎడమచెయ్యి ఇంకా దాని మీదే ఉంది. కిందికి దిగాక చాలాసేపటి దాకా వణుకు తగ్గలేదు. ముక్క ఎటు పడుతుందో చూసుకున్నాను గానీ, మిగిలిన కొమ్మ ఎటు లేస్తుందో చూసుకోలేదు. ఇప్పుడు రెండూ చూసుకున్నాకే రంపం పెడతాను. తాడు జారితే ఏమవుతుందో కూడా ముందే ఆలోచిస్తాను.

పచ్చి కొమ్మలో నీరుంటుంది, కరెంటు పాకుతుంది. ఎండు కర్ర, రబ్బరు చెప్పులు, మామూలు గ్లౌజులు కాపాడతాయని నమ్మొద్దు. తడి తాడు, మురికి పట్టిన ఫైబర్ దోటి కూడా అంతే. అల్యూమినియం నిచ్చెన అసలు తేవద్దు. తీగ మీద నల్ల తొడుగు ఉన్నా అది ఎండకూ వానకూ తట్టుకోవడానికి వేసింది కావచ్చు, షాక్ ఆపుతుందని అనుకోవద్దు. హైటెన్షన్ లైనైతే తాకకపోయినా దగ్గరికి వెళ్తేనే నిప్పు దూకుతుంది.

కరెంటు పోయినప్పుడు గబగబా కొట్టేద్దాం అనుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. అది ఏ క్షణమైనా తిరిగి రావచ్చు. పక్కింటి జనరేటర్ నుంచి లైనులోకి వెనక్కి కూడా రావచ్చు. ఇంట్లో మెయిన్ ఆపినంత మాత్రాన బయటి సర్వీసు వైరు చావదు. లైను ఆపాల్సింది విద్యుత్ సంస్థ వాళ్లే. ఆపి, టెస్ట్ చేసి, ఎర్త్ చేసి (అంటే లైనును నేలకు కలిపి), "ఇప్పుడు ఎక్కండి" అని వాళ్లు చెప్పేదాకా కిందే కూర్చోండి.

కింద ఒక మనిషిని పెట్టండి. అతనికి తాడు, కత్తి ఏమీ ఇవ్వొద్దు. చూడటమే అతని పని. అతను "ఆగు" అంటే ఎందుకని అడగకుండా ఆగిపోవాలి.

తీగ తెగి పడితే నిప్పురవ్వలు లేకపోయినా చచ్చిందనుకోవద్దు. ఆగిన లైను దానంతటదే మళ్లీ ఆన్ కావచ్చు. కనీసం 10 మీటర్ల దూరం వెళ్లండి. పరుగు వద్దు, అడుగులు వేయొద్దు. నేలలో కరెంటు పాకుతుంటే రెండు కాళ్ల మధ్య దూరమే ప్రాణం తీస్తుంది. రెండు పాదాలూ ఆనించి, నేల మీద నుంచి ఎత్తకుండా జరుపుకుంటూ పోవాలి. మీరు కారు, లారీ లాంటి బండిలో ఉండగా దాని మీద తీగ పడితే నిప్పంటుకుంటే తప్ప దిగొద్దు. దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ దగ్గర పెట్టి దూకాలి.

షాక్ కొట్టిన మనిషిని పట్టుకోవద్దు, కర్రతో కూడా నెట్టొద్దు. ముందు విద్యుత్ సంస్థకూ అంబులెన్సుకూ ఫోన్ చేయండి. లైను ఆపేశామని వాళ్లు చెప్పాక ఊపిరి చూడండి, లేకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ మీద పదేపదే నొక్కడం) మొదలుపెట్టండి. మనిషి లేచి "నాకేం కాలేదు" అన్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుండె లయ తప్పి ఉండొచ్చు, లోపలి కాలిన గాయాలు చర్మం మీద కనపడవు.