కాలిలో రక్తపు గడ్డ, 3వ పాఠం: ఆ మైనస్ 2 దగ్గరే తడబడ్డారు

ఈ వారం ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ గురించి మొదలుపెట్టాల్సింది. మీ జవాబులు చూశాక, ముందు పోయిన వారం స్కోరు వేయమన్న కేసే తేల్చుకుందాం అనిపించింది.

దేవరకొండ దగ్గరి తండా, 58 ఏళ్ల ఆమె. తుంటి ఆపరేషన్ అయి 5 వారాలు. 4 రోజులుగా ఎడమ కాలు వాపు. పిక్క చుట్టుకొలత రెండో కాలికన్నా 4 సెంటీమీటర్లు ఎక్కువ, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఆపరేషన్‌కు 1, పిక్కకు 1, గుంటకు 1. వెల్స్ స్కోరు, అంటే కాలిలో గడ్డ ఉండే అవకాశాన్ని అంచనా వేసే లెక్క, 3. ఇక్కడిదాకా అందరూ బాగానే వేశారు. ఆ తర్వాత చాలామంది ‘మన దగ్గర బోదకాలు మామూలే కదా’ అని 2 తీసేశారు.

ఆ 2 తీసేయాలంటే, గడ్డను ఎంతగా అనుమానిస్తున్నామో ఇంకో జబ్బునూ కనీసం అంతగా అనుమానించాలి, అదీ ఈ మనిషిని చూసి. నల్లగొండ, పాలమూరుల్లో బోదకాలు ఉందన్నది చాలదు. అది నాలుగు రోజుల్లో వచ్చేది కాదు. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల, తగ్గడం, మళ్లీ రావడం, ఇలా ఏళ్ల మీద పెరుగుతుంది. ముదిరితే చర్మం మందమై, నొక్కినా గుంట పడదు. ఈమెకు అవేవీ లేవు. పైగా పాత బోదకాలు ఉన్నవాళ్లకూ గడ్డ కట్టొచ్చు. అందుకే నేను టేపు తీయకముందే అడుగుతాను: “అమ్మా, పోయిన ఆదివారం ఈ కాలు ఎట్లుండె?” “పట్టీలు వదులుగుండె సారూ, ఇప్పుడు మాంసంలకు దిగినయి” అందంటే, నేను ఆ మైనస్ జోలికి పోను.

స్కోరు 2, ఆపైన ఉంటే డి-డైమర్ (గడ్డ ఆనవాలు చూసే రక్తపరీక్ష) నార్మల్ వచ్చిందని ఇంటికి పంపొద్దు. డాప్లర్ (కాలి సిరల్లో రక్తప్రవాహం చూసే స్కాన్) చేయించాలి. 4 గంటల్లో కాదంటే, రక్తస్రావం ముప్పు లేదని చూసుకుని, గడ్డకట్టకుండా ఆపే మందు మొదలుపెట్టి, 24 గంటల్లో స్కాన్ అయ్యేలా పంపండి. 1, అంతకు తక్కువైతే డి-డైమర్ పనికొస్తుంది. గర్భిణులకు, బాలింతలకు ఈ లెక్క వద్దు, అనుమానమొస్తే నేరుగా డాప్లరే.

వాపుకు ఆయాసం తోడైతే టేపు పక్కనపెట్టి 108 పిలవండి.

అభ్యాసం: ఓపీలో 20 మందికి, ఎందుకో వాళ్లకు చెప్పి, రెండు పిక్కలూ కొలవండి. అరగంటాగి, పాత అంకె చూడకుండా మళ్లీ కొలవండి. రెండుసార్లకూ అర సెంటీమీటరు మించి తేడా వస్తే, ఇంకో 20 మంది.

తర్వాత ఈ కేసు: ముంబై నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని మక్తల్ వచ్చిన 35 ఏళ్ల కూలీ. కుడి పిక్క లోపల నొక్కితే నొప్పి, తేడా 2 సెంటీమీటర్లు, గుంట లేదు. వారం కింద ఇటుకలు మోస్తుంటే అదే పిక్క పట్టేసిందట. మైనస్ 2 వేస్తారా, లేదా? కారణంతో రాయండి.